ఇంగువ వాసన తెలియని మనిషి

నా బల్ల సొరుగులో పన్నెండు చెక్క పూసలు గుచ్చిన దండ ఒకటి ఇప్పటికీ ఉంది. మొదటి పూస వేరుశనగ గింజంత, చివరిది చిన్న కోడిగుడ్డంత. ఒక్కో పూస మీద ఒక అంకె ఉంటుంది. మగవాళ్ళ వృషణాల పరిమాణాన్ని చేత్తో పోల్చి చూసుకునే కొలత అది. ప్రొద్దుటూరులో నా క్లినిక్కుకు వచ్చిన పెద్దవాళ్ళు చాలామంది దాన్ని జపమాల అనుకున్నారు. మైదుకూరు నుంచి వచ్చిన ఒకాయన దండం కూడా పెట్టుకున్నాడు. నేను వద్దనలేదు. అది ఎందుకో తెలిస్తే ఆయన ఇంకా వంగి పెట్టేవాడని నా నమ్మకం.

హార్మోన్ల వైద్యంలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా బదిలీలు, సన్మానాలు మీకు అక్కర్లేదు. నన్ను మనిషిని చేసిన తప్పులు రెండున్నాయి, అవి చెబుతాను. రెండూ మగవాళ్ళ సంతానానికి సంబంధించినవే. రెండింటిలోనూ నాకు తెలియక జరిగింది తక్కువ, తెలుసనుకోవడం వల్ల జరిగింది ఎక్కువ.

పులివెందులలో తిన్న చీవాట్లు

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పులివెందుల ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి. అక్కడ మా పెద్ద డాక్టరు ఒకాయన ఉండేవాడు. మనిషి సన్నం, గొంతు లావు. ఆయన ఎవరినైనా తిడితే ఓపీ వరుసలో చివర నిలబడ్డవాడికి కూడా వినిపించేది. నన్ను ఆయన తిట్టిన తిట్లలో ఒకటి ఇప్పటికీ గుర్తుంది.

లింగాల దగ్గర అరటితోట ఉన్న రైతు ఒకాయన వచ్చాడు. పెళ్ళయి నాలుగేళ్ళు, పిల్లలు లేరు. పరీక్ష చేయిస్తే వీర్యకణాలు తక్కువగా ఉన్నాయి. నాకు వెంటనే ఉత్సాహం వచ్చింది. మగతనానికి మూలం టెస్టోస్టిరాన్, అది ఎక్కువ ఇస్తే కణాలు ఎక్కువవుతాయి కదా అనుకున్నాను. సూది మందు రాసేశాను. రైతుకు ఒంట్లో బలం వచ్చింది, మీసం మీద చెయ్యి వేసుకుని తిరిగాడు. నాలుగు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేయిస్తే ఒక్క కణం కూడా లేదు. ఉన్నవి కూడా పోయాయి.

ఆ కాగితం పట్టుకుని పెద్ద డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన చదివి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏమయ్యా, నువ్వు డాక్టరువా, తోటమాలివా? ఎరువేస్తే కాయలు కాస్తాయనుకుంటివా? సూది వేసినావు సరే. మెదడు కింద పిట్యూటరీ అని ఒగటి ఉండాది, దానికి ఏం చెప్పినావు?"

ఆయన కాగితాన్ని నా వైపు తోశాడు.

"రక్తంలో నువ్వు పోసింది చూసి అది 'సరుకు శానా ఉండాది, ఇంక పిలిచే పని లేదు' అని గమ్మునుండిపాయ. అది పిలవకపోతే వృషణం పని చేస్తాదా? ఆ మనిషికి నువ్వు చేసింది ఏంది తెల్సా? కుటుంబ నియంత్రణ."

బయట వరుసలో ఉన్నవాళ్ళు నవ్వడం వినిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను. సూదులు ఆపేశాక నెలల తరబడి కాచుకుంటే ఆ రైతుకు కణాలు మెల్లగా తిరిగొచ్చాయి. ఆయన నన్ను క్షమించి ఒక అరటిగెల కూడా తెచ్చిచ్చాడు. పెద్ద డాక్టరు మాత్రం ఆ గెలలో నాకు ఒక్క పండు కూడా ఇవ్వలేదు. "నీకు దక్కదు పో" అని ఓపీలో అందరికీ పంచేశాడు.

ఆ రోజు నుంచే నాకు ఈ విషయం మీద పిచ్చి పట్టింది. ఇంత చిన్న అవయవంలో ఇంత పెద్ద ఏర్పాటు ఉందా అని ఆశ్చర్యపోయాను, నేటికీ ఆశ్చర్యపోతూనే ఉన్నాను. హార్మోన్ ఒక పిలుపు. అది రక్తంలో ఒళ్ళంతా తిరుగుతుంది. కానీ దాన్ని వినే చెవి ఏ కణానికి ఉంటే ఆ కణమే పలుకుతుంది. ఆ చెవినే మనం రిసెప్టర్ అంటాం. పిట్యూటరీ నుంచి రెండు పిలుపులు వస్తాయి. ఎల్‌హెచ్ అనే పిలుపును వృషణంలో ఒక రకం కణాలు విని టెస్టోస్టిరాన్ తయారుచేస్తాయి. ఎఫ్ఎస్‌హెచ్ అనే పిలుపును ఇంకో రకం కణాలు వింటాయి. ఇవి దాదుల్లాంటివి, వీర్యకణాలను ఒళ్ళో పెట్టుకుని పెంచేవి ఇవే. ఇక్కడ ఇంకో తమాషా ఉంది. పుట్టబోయే వీర్యకణానికి టెస్టోస్టిరాన్ పిలుపు నేరుగా వినపడదు. దాని తరఫున దాది వింటుంది. పైగా ఆ దాదికి కావలసిన టెస్టోస్టిరాన్ అక్కడికక్కడే పక్కింట్లో తయారవ్వాలి, రక్తంలో ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు చిక్కగా ఉండాలి. బయటి నుంచి మనం వేసే సూది ఆ చిక్కదనాన్ని ఎన్నటికీ అందుకోలేదు.

ఇది అర్థమైన రోజు నేను భోజనం మరిచిపోయాను. మా ఇంట్లో ఆ సంగతి ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు.

ఇంగువ అంగడి

తర్వాత ప్రొద్దుటూరులో సొంతంగా క్లినిక్కు పెట్టుకున్నాను. వారానికొకసారి జమ్మలమడుగు పోయి చూసొచ్చేవాణ్ణి. అప్పటికి ఊళ్ళో నాకు ఈ విషయంలో కాస్త పేరొచ్చింది. రెండో తప్పుకు ఆ పేరే కారణం.

ప్రొద్దుటూరు బజారులో ఇంగువ వ్యాపారం చేసే కుటుంబం ఒకటి. వీధి మలుపు తిరగకముందే అంగడి ఎక్కడుందో ముక్కు చెప్పేస్తుంది. వాళ్ళ పిల్లవాణ్ణి పెదనాన్న వెంటబెట్టుకొచ్చాడు. పేరు మార్చి శేషు అని రాస్తాను. పంతొమ్మిదేళ్ళు. మీసం రాలేదు, గొంతు మారలేదు, కాళ్ళు చేతులు పొడుగ్గా ఉన్నాయి. పూసల దండ తీసి పోల్చి చూస్తే మూడో పూస దగ్గరే ఆగింది. ఎనిమిదేళ్ళ పిల్లవాడి కొలత అది.

"సార్, వీనికి గెడ్డం రావల్ల. పెండ్లి సంబంధాలు చూడల్ల. బజార్లో తలెత్తుకోలేకుండా ఉండాం," అన్నాడు పెదనాన్న.

చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చాయా అని అడిగాను. వచ్చాయన్నాడు. గవదబిళ్ళలు ఒక్కోసారి వృషణాలను దెబ్బతీస్తాయి. నాకు కారణం దొరికిపోయింది. ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ పరీక్షలు రాశాను గానీ, నమూనా హైదరాబాదుకు పంపాలనేసరికి పెదనాన్న "ఎందుకు సార్, తెలిసిందే కదా, మందియ్యండి" అన్నాడు. నేనూ సరేనన్నాను. టెస్టోస్టిరాన్ సూదులు మొదలుపెట్టాను. ఏడాది తిరిగేసరికి శేషుకు మీసం వచ్చింది, గొంతు బొంగురుపోయింది, భుజాలు వెడల్పయ్యాయి. మీసం వెంట్రుకకూ, గొంతుకూ, కండకూ టెస్టోస్టిరాన్‌ను వినే చెవులు ఉన్నాయి, అవి పలికాయి. పెదనాన్న నాకు శాలువా కప్పాడు.

పూస మాత్రం మూడోదే. అది చూసి, వృషణాలు చెడిపోయాయి కాబట్టి పెరగవు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇరవై నాలుగో ఏట పెళ్ళి కుదిరినప్పుడు శేషును ఒక్కణ్ణీ కూర్చోబెట్టి చెప్పాను.

"సంసారానికి ఇబ్బంది లేదు. పిల్లలు మాత్రం పుట్టరు. అమ్మాయికి ముందే చెప్పు."

శేషు మంచివాడు, చెప్పాడు. ఆ అమ్మాయి పేరు వాణి అనుకుందాం. జమ్మలమడుగులో బడిపంతులు గారమ్మాయి. ఒక రోజు ఆలోచించుకుని సరేనంది. ఈ మాట వాళ్ళిద్దరికీ నాకూ తప్ప మరెవరికీ తెలియదు. తలెత్తుకోలేకుండా ఉన్నానన్న పెదనాన్నకు చెప్పే ధైర్యం శేషుకు రాలేదు.

రాయని కాగితం

మూడేళ్ళ తర్వాత ఇద్దరూ వచ్చారు. వాణి చాలా చిక్కిపోయింది. చేతికి ఎర్రదారాలు, పసుపుదారాలు కలిపి ఏడెనిమిది ఉన్నాయి. శేషు తల దించుకుని కూర్చున్నాడు.

"సార్, మీరు ఆయనకు పిల్లలు పుట్టరని నోటితో చెప్పినారు," అంది వాణి. "ఇప్పుడు కాగితం మీద రాసియ్యండి."

"ఎందుకమ్మా?"

"ఇంట్లో చూపిస్తా. మూడేండ్లాయ, నన్ను తిప్పని గుడి లేదు, చూపించని డాక్టరమ్మ లేదు. నా గర్భసంచి బాగుండాదని అందరూ చెప్పినారు. అయినా లోపం నాదేనంట. వచ్చే నెల మా నాయన్ను పిలిపించి మాట్లాడతారంట. మాట్లాడేదేముండాది సార్, నన్ను తీసుకపొమ్మని చెప్పేదే కదా."

శేషు తలెత్తకుండానే అన్నాడు. "రాయండి సార్. నేనే చూపిస్తా. నా నోటితో చెప్పల్యాకపోతాండా."

ఒక మనిషి నలుగురి ముందు తన పరువు తీసే కాగితాన్ని తానే అడుగుతున్నాడు, భార్యను నిలుపుకోవడానికి. ఆ క్షణంలో వాడి మీద నాకు గౌరవం కలిగింది. లెటర్‌హెడ్ ముందుకు లాక్కున్నాను. అయితే రాతపూర్వకంగా ఇచ్చేదానికి ఒక పరీక్షయినా జత చేయాలి కాబట్టి, మర్నాడు వీర్యం నమూనా తెచ్చి ల్యాబులో ఇవ్వమన్నాను.

మా ల్యాబు చూసేది హుసేన్‌బీ. అప్పటికే ఇరవై ఏళ్ళుగా నా దగ్గర పనిచేస్తోంది. ఆడమనిషి చేతికి ఆ డబ్బా ఇవ్వడానికి మగవాళ్ళు నీళ్ళు నమిలేవాళ్ళు. ఆమె మాత్రం "ఇటీయప్పా, సిగ్గెందుకు, ఇది కూడా ఉచ్చ, రక్తం లాంటిదే" అని లాక్కునేది. మర్నాడు శేషు డబ్బాతో పాటు ఆమెకు కానుకగా ఒక ఇంగువ ముద్ద కూడా తెచ్చాడు. అది నలిగి ల్యాబంతా వాసన నిండిపోయింది. నా గదికీ వచ్చింది. నేను ఇక్కడ ఆ కాగితం రాస్తూ ఉన్నాను. "ఇందుమూలముగా ధ్రువీకరించునది" దాకా అయింది. తలుపు వారగా తీసి ఉండడంతో అవతలి మాటలు వినపడుతున్నాయి.

"ఏందప్పా ఇది, తలకాయ పగిలిపోతాండాది. నీకేం గాలేదా?"

"నాకు వాసన తెల్దక్కా."

"ఇంగువలో కూర్చొని కూర్చొని ముక్కు చచ్చిపాయనా?"

"అందరూ అట్లే అంటారు. కాదక్కా. ఇంగువ కలిపే గదిలో మా అన్నలు ఎవురూ ఉండల్యాకపోయిరి, వాంతులు చేసుకునిరి. నాకు పుట్టినప్పట్నుంచి ఏ వాసనా తెల్దని మా పెదనాయన నన్ను ఆడ కూర్చోబెట్టినాడు. పన్నెండేండ్లప్పుడు."

"మల్లెపూలు?"

"ఊహూ."

నా కలం ఆగిపోయింది.

లేచి బీరువా తీసి శేషు మొదటి కేసు షీటు వెతికాను. పంతొమ్మిదేళ్ళ వయసులో వాడు నాతో చెప్పిన మాట నా చేతిరాతతోనే ఉంది: "వాసన తెలియదు — ఇంగువ పని వల్ల." వాడు చెప్పింది మొదటి సగమే. రెండో సగం నేను కలిపాను. ఇంగువ వల్ల ముక్కు పోలేదు. ముక్కు లేకపోవడం వల్లే ఇంగువ గదికి పోయాడు. బజారంతా తిరగేసి అనుకున్న మాటను, ఇన్ని పుస్తకాలు చదివిన నేనూ తిరగేసే రాసుకున్నాను.

పిల్లలూ, ఇది ఒక్కటి గుర్తుంచుకోండి. రోగి చెప్పింది చెప్పినట్టు రాయండి. "వల్ల" అనే మాట మీరు కలపకండి. దానికి తర్వాత చాలా టైముంటుంది.

ముక్కుకూ దీనికీ సంబంధం ఏమిటని మీరు అడగాలి. నా వృత్తి జీవితంలో నేను చదివిన అతి గొప్ప సంగతి ఇదే. యుక్తవయసు తెచ్చే మొదటి పిలుపు మెదడులో పుడుతుంది. అది విన్నాకే పిట్యూటరీ తన రెండు పిలుపులూ పంపుతుంది. ఆ మొదటి పిలుపు పుట్టించే కణాలు మాత్రం మెదడులో పుట్టవు. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ముక్కులో పుట్టి, వాసన నరాల దారి పట్టుకుని మెదడులోకి నడిచిపోతాయి. ఆ దారి సరిగా ఏర్పడకపోతే రెండూ పోతాయి, వాసనా తెలియదు, యుక్తవయసూ రాదు. కానీ, ఈ "కానీ" కింద రెండు గీతలు గీసుకోండి, వృషణం మాత్రం చెడిపోదు. దాని చెవులు దానికి ఉంటాయి. పిలిచేవాడే ఉండడు.

పిలుపు

ఇద్దర్నీ పిలిపించి చెప్పాను. "నేను చెప్పింది తప్పు. ఈ రోజు పరీక్షలో కణాలు లేవు, నిజమే. కానీ ఎప్పటికీ పుట్టరని చెప్పడానికి నాకు ఆధారం లేదు. చేయాల్సిన పరీక్ష చేయించకుండా చెప్పాను."

శేషు అర్థంకానట్టు చూశాడు. వాణి మాత్రం అర్థం చేసుకుంది. ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను.

"మూడేండ్లు సార్," అంది. అంతే అంది. చేతి దారాలు ఒక్కొక్కటే తెంపి నా బల్ల మీద పెట్టింది.

ఈ వృత్తిలో నేను తిన్న దెబ్బలన్నిటిలో అది పెద్దది. పులివెందుల పెద్దాయన తిట్లు దాని ముందు దీవెనలు.

ముందు సూదులు ఆపాం. మందు ఒంట్లో నుంచి పూర్తిగా పోయేదాకా శేషుకు నీరసం, చిరాకు. ఆ నెలల్లో వాడు ఒకసారి కూడా నన్ను విసుక్కోలేదు. తర్వాత పరీక్ష హైదరాబాదుకు పంపాం. వృషణాలే చెడిపోయి ఉంటే పిట్యూటరీ పిలిచి పిలిచి గొంతు చించుకుంటుంది, ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ రెండూ బాగా ఎక్కువ ఉంటాయి. కాగితం వచ్చింది. రెండూ దాదాపు సున్నా. క్లినిక్కులో లేచి నిలబడి "లేవు, రెండూ లేవు" అని గట్టిగా అన్నాను. బీపీ చూపించుకోవడానికి వచ్చిన ముసలమ్మ ఎవరో పోయారనుకుని "అయ్యో పాపం" అంది.

వైద్యం మొదలుపెట్టాం. ఎల్‌హెచ్‌ను వినే చెవే హెచ్‌సీజీ అనే ఇంకో హార్మోన్‌కూ పలుకుతుంది. గర్భిణీల మూత్రం నుంచి దాన్ని తీస్తారు. అది సూదిగా వేస్తే వృషణం తన టెస్టోస్టిరాన్ తానే తయారుచేసుకుంటుంది. కొన్ని నెలల తర్వాత దానికి ఎఫ్ఎస్‌హెచ్ జత చేయాలి. పెదనాన్నకు మాత్రం, పాత సూదులు ఆపిన వారంలోనే అన్నీ విడమరిచి నేనే చెప్పాను, నా తప్పుతో సహా. వాణి నాన్నను పిలిపించే మాట అక్కడితో ఆగింది. ఆ రోజు పెదనాన్న కుర్చీ ముందుకు జరుపుకుని అన్నాడు.

"ఆ గదిలో కూర్చోబెట్టింది నేనే సార్. వీని ముక్కు గట్టిదని బజారంతా చెప్పుకుంటి. ఒగ దినం కూడా ఎందుకు తెల్దురా నీకు అని అడగల్యా."

"నేనూ అడగలేదు," అన్నాను.

వారానికి మూడు సూదులు. మొదట్లో హుసేన్‌బీ వేసేది, తర్వాత వాణి నేర్చుకుంది. నాలుగో నెలలో పూసల దండ తీశాను. నాలుగో పూస. ఏడో నెలకు ఆరు. నా ఆనందం చూసి శేషుకే సిగ్గేసింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఒక్క పిలుపూ వినని చెవులు, పిలవగానే పలికాయి. ఆ కణాలకు అలుక లేదు, ఇన్నాళ్ళు ఎందుకు పిలవలేదని అడగవు. వాటి ఓర్పు నాకు ఎప్పటికీ రాదు.

కానీ వీర్యకణాలు కనపడలేదు. తొమ్మిదో నెలలో లేవు. పదకొండులో లేవు. శేషు డబ్బా ఇచ్చి ఏమీ అడగకుండా వెళ్ళిపోయేవాడు. ఏడాది దాటాక ఒక బుధవారం పొద్దున, నేను తొండూరు నుంచి వచ్చిన ఒకాయనకు బీపీ చూస్తున్నాను. హుసేన్‌బీ తలుపు దగ్గర నిలబడింది. ఎప్పుడూ నా గదిలోకి పిలవకుండా రాని మనిషి.

"సార్, రాండి. ఒగటి కదుల్తాండాది."

తొండూరాయన చేతికి పట్టీ అలాగే వదిలేసి పరిగెత్తాను. మైక్రోస్కోపులో చూశాను. ఒకటి. తోక ఊపుకుంటూ, ఎక్కడికి పోవాలో తెలియకపోయినా తొందరగా పోతోంది. పక్కన ఇంకోటి. బయట బెంచీ మీద ఉన్న శేషును లాక్కొచ్చి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. వాడు చాలాసేపు చూశాడు.

"ఇది నాదేనా సార్?"

"మరి నాదా?" అంది హుసేన్‌బీ, కళ్ళు తుడుచుకుంటూ.

చివరి పరీక్ష

మరుసటి ఏడు వాణి నెల తప్పింది. ఆడపిల్ల పుట్టింది. ముందే ఇద్దరికీ ఒక మాట చెప్పి ఉంచాను, ఈసారి ఏదీ దాచలేదు. ఈ లోపం కొన్ని కుటుంబాల్లో పిల్లలకూ రావచ్చు, రాకపోవచ్చు. పాప పెద్దయ్యాక వాసన తెలుస్తుందో లేదో చూడాలి అన్నాను. శేషు "వచ్చినా దారి తెల్సు కదా సార్" అన్నాడు గానీ, వాడి భయం నాకు తెలుస్తూనే ఉండేది. పాప ముక్కు దగ్గర మల్లెపూలు పెట్టి ముఖంలోకి చూస్తూ కూర్చుంటాడని వాణి చెప్పింది. పాప ఆ పూలు లాక్కుని తినేదట.

అప్పటికి నేను ప్రాక్టీసు మానేశాను. పాపకు రెండేళ్ళు నిండాక ముగ్గురూ మా ఇంటికి వచ్చారు. శేషు అంగడి నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, మా వరండా అంతా ఘాటెక్కింది. పాప వాణి చంకలో ఉంది. శేషు చేతులు చాచాడు.

"చూడండి సార్," అన్నాడు. "రామ్మా."

పాప ముఖం చిట్లించి, రెండు చేతులతో ముక్కు మూసుకుని, తల్లి భుజం మీదికి తిరిగిపోయింది. "నాయనా, కంపు," అంది.

శేషు చేతులు అలాగే చాచి ఉన్నాయి. నవ్వుతున్నాడు, కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "నిన్నట్నుంచి దగ్గరికి రానీదు సార్. నా బిడ్డ నన్ను చూసి ముక్కు మూసుకుంటాండాది."

తర్వాత ఏదో తట్టినట్టు వాణి వైపు తిరిగాడు. "నేను నిజంగా అంత కంపు కొడతానా?"

"పెండ్లయిన దినం నుంచి," అంది వాణి.

"ఒగసారన్నా చెప్పల్యా?"

"మీకు తెల్దు కదా," అంది వాణి. "తెలిసేది నాకే. నేను ఓర్చుకుంటే సరిపోతాదని ఊరుకుంటి."